మొగలి పొద ఉన్న పెరడు

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మొగలి ముందు కంచె, ఆ తర్వాతే పువ్వు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు సముద్రానికీ కొబ్బరితోటలకీ మధ్య ఇసుక దిబ్బలుంటాయి. మొగలి అక్కడ మొదలై, దిబ్బ దిగి, గెడ్డ (వాగు) గట్టు పట్టుకుని, తోటల హద్దుల వెంట ఊరి వెనక దాకా వచ్చేసేది. చాలామటుకు దానంతటదే మొలిచింది. మధ్యలో ఎక్కడైనా సందు కనిపిస్తే ఎవరో ఒకరు ఓ కొమ్మ నరికి పాతేవారు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఆ సందులోంచి ఆవు సంగతి సరే, మేకపిల్ల కూడా దూరలేకపోయేది.

చూడనివాళ్లకి కొంచెం చెప్పాలి. మొగలికి మొదలు ఒకటే గానీ ఆ మొదలుకి నాలుగు వైపులా ఊడలు దిగి ఇసుకలోకి పాతుకుంటాయి. ఆకులు దాదాపు మనిషి పొడవుంటాయి, కొమ్మ చివర మెలితిరిగిన వరసల్లో పుడతాయి. ప్రతి ఆకుకీ మూడు వరసల ముళ్లు. రెండంచులకీ రెండు వరసలు, అడుగున నడిమి ఈనె వెంబడి ఇంకొకటి. అంచు ముళ్లు ఆకు కొసవైపు వాలి ఉంటాయి. ఈనె ముళ్లు మాత్రం మొదటి భాగంలో వెనక్కి వంగి ఉంటాయి. అందుకే పొదలో చెయ్యి పెట్టేటప్పుడూ గీసుకుంటుంది, తీసేటప్పుడూ గీసుకుంటుంది. నాకు ఈ ముళ్ల వాలు నేర్పింది మా మామ్మ.

మామ్మ మధ్యాహ్నం పూట పెరట్లో కూర్చుని మొగలాకు చీరేది. ఎడమచేత్తో ఆకు మొదలు పట్టుకుని, కుడిచేతిలోని చిన్న కత్తిని ఈనె పక్కన దింపి ఒక్క లాగు లాగితే ముళ్ల వరస కొస దాకా ఊడి వచ్చేది. అంచులు రెండూ అంతే. మిగిలిన పట్టీలని చుట్టలు చుట్టి, నీళ్లలో నానేసి, ఎండలో పరిచేది. పచ్చదనం పోయి తెల్లబడ్డాక చాప అల్లేది. నేను పక్కన చేరి ఆకు కొస పట్టుకుంటే అరిచేది.

"ఓలే గుంటా, కొస కాడ్నించి లాగకే, సెయ్యి సీరేత్తాది. మొదలట్టుకుని కొసకి నిమురు, ఏటీ సెయ్యదు."

నిజమే, మొదలు నుంచి కొసకి అంచు మీద వేలు జారిస్తే ముల్లు తెలియదు. అదే వేలు వెనక్కి తెస్తే రక్తం. చిన్నప్పుడు నాకు ఇదో పెద్ద వింత. ఎన్నిసార్లు చేసి చూసుకున్నానో.

సంక్రాంతి ముందు ఊడలకి పని పడేది. లేత ఊడని మూరెడు ముక్కలు కోసి, నానబెట్టి, ఒక కొసని రాయి మీద పెట్టి చితక్కొడితే పీచు విచ్చుకుని కుంచె తయారయ్యేది. ఆ కుంచెలతోనే మా వీధిలో గోడలన్నిటికీ సున్నం పడేది. నాన్న కొట్టిన కుంచెలు మెత్తగా, పీచు తెగకుండా వచ్చేవి. పక్కిళ్లవాళ్లు కూడా ఆయన చేతే కొట్టించుకునేవారు.

మనం మొగలిపువ్వు అనేది మగచెట్టుది. మొగలిలో మగ, ఆడ చెట్లు వేరు వేరు. మగచెట్టు కొమ్మ చివర వెన్నరంగు రేకుల మధ్య పుప్పొడి కంకులు వేలాడతాయి. వాసనంతా అక్కడే. ఆడచెట్టుకి ఆ వాసన లేదు, కాయ ఉంది. దూరం నుంచి చూసిన పట్నం పిల్లలు అనాసపండు అనుకుంటారు. పండినప్పుడు నారింజ ఎరుపులోకి తిరిగి, ముక్కలు ముక్కలుగా విడిపోయి రాలుతుంది. ఆ ముక్కల్లో పీచు ఎక్కువ కాబట్టి నీళ్ల మీద తేలతాయి. సముద్రం వాటిని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మోసుకుపోతుంది. బారువ ఒడ్డున ఇసుకలో కూరుకుపోయి దొరికిన ముక్కల్ని మేం ఏరుకొచ్చి ఇంట్లో దాచుకునేవాళ్లం. ఏ ఊరి చెట్టువో అని మా తమ్ముడూ నేనూ ఊర్ల పేర్లు చెప్పుకునేవాళ్లం. గోపాలపూర్ అని వాడంటే, కాదు పూరీ అని నేను.

వానలు మొదలైతే పూలు కోసేవాళ్లు దిగేవారు. తెల్లారకముందే పొడుగాటి దోటీలకి కొడవళ్లు బిగించుకుని, కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుని గట్ల వెంట నడిచేవారు. ఎండెక్కితే మొగలి వాసన దిగిపోతుంది, అందుకే ఆ తొందర. కోసిన పూలు కోసినట్టే గోతాల్లో సైకిళ్లెక్కి బట్టీలకి పోయేవి. మా జిల్లా సరిహద్దు దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లా. చికిటి, రంగేయిలుండా, ఛత్రపురం వైపంతా మొగలి అత్తరుకి పెట్టింది పేరు. మన దేశంలో తయారయ్యే మొగలి సెంటులో చాలా భాగం అక్కడిదే, గంజాం మొగలిపువ్వుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాన్నతో ఒకసారి అటు వెళ్లినప్పుడు బట్టీ చూశాను. పెద్ద రాగిపాత్రలో పూలు, నీళ్లు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట సన్నగా పెట్టారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి, చల్లటి నీళ్లలో సగం ముంచిన ఇంకో రాగిపాత్రలోకి దిగుతోంది. అందులో గంధపు నూనె పోసి ఉంచితే అత్తరు, నీళ్లుంచితే మొగలి నీరు. అక్కడ పనిచేసే పెద్దాయన మాటిమాటికీ ఆ రెండో పాత్రని తడిమి చూస్తున్నాడు. ఎంత వేడెక్కిందో చేతికే తెలియాలట. ఇంటికొచ్చాక కూడా నా పరికిణీకి ఆ వాసన పోలేదు.

మాకు మిగిలేవి పొదల లోపల, దోటీ అందనిచోట పూసినవి. వాటి కోసం మామ్మ మా పిన్నిని పంపేది. రేకుల అంచులకీ సన్నటి ముళ్లుంటాయి, వాటిని చాకుతో గీసేసి, మడతలు పెట్టి జడకి కుట్టేవారు. పండగనాడు మా వీధిలో ఆడపిల్లలెవరు నడిచొచ్చినా మనిషి కంటే ముందు వాసన వచ్చేది. విడిచిన రేకులు పారెయ్యరు. ట్రంకుపెట్టెలో, పట్టుచీరల మడతల్లో పెడతారు. వాడిపోయి గోధుమరంగుకి వచ్చినా వాటి వాసన ఏడాది పొడవునా ఆ పెట్టెలో ఉంటుంది. అమ్మ పెళ్లిచీర ఇప్పుడు విప్పినా నాకు ముందుగా తెలిసేది ఆ వాసనే.

శివపూజకి మాత్రం మొగలి పనికిరాదు. బ్రహ్మ, విష్ణువు జ్యోతిస్తంభం మొదలూ చివరా వెతుక్కుంటూ వెళ్లిన కథ అందరికీ తెలిసిందే. చివర చూశానని బ్రహ్మ చెప్పిన అబద్ధానికి మొగలిపువ్వు సాక్ష్యం పలికిందని శివుడి శాపం. మామ్మకి ఈ కథంటే కోపం. "ఆడించినోడు బ్రెమ్మ, సాపం పువ్వుకా?" అనేది. కార్తీకమాసంలో కూడా అదే మాట. దేవుడి మీద అంత భక్తి ఉన్న మనిషి ఒక పువ్వు పక్షాన అలా నిలబడడం నాకు ఇప్పటికీ ఇష్టంగా గుర్తొస్తుంది.

ఇక పాములు. మొగలి వాసనకి పాములు వస్తాయని ఊరంతా అంటారు. పాములుండేమాట నిజం. అవి వచ్చేది వాసన కోసం కాదు, కప్పల కోసం, ఎలకల కోసం, నీడ కోసం. కుక్కలూ మనుషులూ దూరలేని చోటు ఏ జీవికైనా భద్రమే. మా గట్టు పొదలో జెర్రిపోతులుండేవి, వాటి వెనకే ముంగిసలుండేవి. జెముడుకాకి ఒకటి పొదలోంచి ఊఁ ఊఁ అని లోతుగా కూసి, బద్ధకంగా పక్క చెట్టు మీదకి దూకేది. గెడ్డలో నీళ్లున్నన్నాళ్లూ తెల్లరొమ్ము నీటికోళ్లు నల్లటి పిల్లల్ని వెంటేసుకుని ఊడల మధ్యలోకి పరిగెత్తేవి. నక్క కూడా ఉండేదని నాన్న చెప్పేవారు, నేను అరుపులే విన్నాను. మేం దాన్ని అడవి అనుకోలేదు, కంచె అనే అనుకున్నాం. కంచె లోపల అంత లోకం ఉందని అది పోయాక గానీ అర్థం కాలేదు.

పోవడం కూడా ఒక్కరోజులో జరగలేదు. 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చినప్పుడు దిబ్బల పక్కన కొంత పోయింది. సరుగుడు తోటలకి ఇంకొంత పోయింది. తోటల హద్దులకి సిమెంటు స్తంభాలు, ముళ్లతీగ వచ్చాక మొగలి దండగ అనిపించింది జనానికి. అది చోటు తింటుంది, దాని కింద ఏమీ పండదు, పాముల భయం ఒకటి. మా గట్టు పొదని కూడా హద్దు కొలిచినప్పుడు తగలబెట్టేశారు. నేను అప్పటికి చదువుకని విశాఖలో ఉన్నాను. సెలవులకి వచ్చి చూస్తే గట్టు బోడిగా, ఊడల మోళ్లతో ఉంది. ఆ సాయంత్రం నీటికోళ్ల కూత వినిపించలేదని అమ్మతో అన్నాను. "ఎక్కడుంటాయే పాపం" అంది అమ్మ.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గురించి ఉద్దానంలో ఎవర్ని కదిపినా చెబుతారు, నేను కొత్తగా చెప్పేదేముంది. కొబ్బరిచెట్లు లక్షల కొద్దీ పడిపోయాయి. జీడిమామిడి, పనస వేళ్లతో సహా లేచిపోయాయి. మా పెరట్లో తాత నాటిన కొబ్బరిచెట్లలో ఒక్కటి కూడా నిలబడలేదు. ఆకాశం ఎప్పుడూ కనిపించని పెరట్లో నడినెత్తిన ఎండ. రోడ్డు తెరుచుకున్నాక నాన్నా నేనూ సముద్రం వైపు నడిచాం. దిబ్బల మీద మిగిలిన పాత మొగలి చెట్లు కొన్ని ఒరిగి, ఆకులు పీలికలై, ఊడల మీద నిలబడి ఉన్నాయి. ఇసుక కొట్టుకుపోయి ఊడలు బయటపడ్డచోట కూడా మొదలు కదల్లేదు. నాన్న ఒక ఊడని చేత్తో ఊపి చూశారు. "దీన్ని మన పెరటికి తీసుకెళ్దాం" అన్నారు.

పెరట్లో మళ్లీ కొబ్బరి వేశాం. సముద్రం వైపు హద్దుకి మాత్రం మొగలి. అక్కడ ఏం పెంచినా పిట్టలకీ చిన్న జీవాలకీ చోటుండేలా పెంచాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. దిబ్బ మీద పాకే బాలబందతీగని హద్దు బయట అలాగే వదిలేశాం. కానుగ ఒకటి, పొన్న ఒకటి పెట్టాం. అసలు పని మొగలిదే.

మొగలిని గింజ నుంచి పెంచితే మగదో ఆడదో పూసేదాకా తెలియదు. అందుకే పూల కోసం పెంచేవాళ్లు ఎప్పుడూ తెలిసిన మగచెట్టు పిలకే తెస్తారు. నేను మగచెట్టు కొమ్మలు కొన్ని, ఆడచెట్టు కొమ్మలు కొన్ని అడిగి తెచ్చుకున్నాను. పూలు అమ్మేవాళ్లకి ఆడచెట్టుతో పని లేదు, పిట్టలకీ గబ్బిలాలకీ ఉంది. అప్పుడే ఊడ మొగ్గలు కనిపిస్తున్న పక్క కొమ్మని నరికి, ఆకుల్ని సగానికి కత్తిరించి, కోసినచోటు నీడలో ఆరనిచ్చి, తొలకరికి పాతాలి. గాలికి ఊగకుండా కర్రకి కట్టాలి. ఇసుకనేల, ఉప్పుగాలి దానికి పుట్టింటి సంగతే. మొదటి వేసవి మాత్రం నీళ్లు పోశాం, తర్వాత దాని జోలికి పోలేదు.

చోటు విషయంలో నాన్న పట్టుదలగా ఉన్నారు. నడిచే దారికీ, నూతికీ, పశువుల పాకకీ దూరంగా ఉండాలి. మొగలి పైకి ఎంత పోతుందో పక్కకీ అంత పోతుంది. ఎండుటాకులు మొదలు చుట్టూ లంగాలా వేలాడతాయి, వాటిని పీకెయ్యాలని ప్రతివాళ్లకీ చెయ్యి దురద. పీకకూడదు. జీవాలన్నీ ఉండేది ఆ ఎండుటాకుల చాటునే. కాకపోతే వేసవిలో అవి ఇట్టే అంటుకుంటాయి కాబట్టి పొయ్యికీ గడ్డివామికీ దగ్గర్లో మొగలి వద్దు.

పక్కింటి అత్త ఒప్పుకోలేదు. "సిన్నపిల్లలున్న ఇల్లు, పావుల్ని పిలిచి పెట్టుకుంటావేటే?" అని పోట్లాడింది. ఆవిడ భయం అర్థం లేనిది కాదు. పొదకీ ఇంటికీ మధ్య నేల శుభ్రంగా ఊడ్చి ఉంచుతామని, చీకటి పడ్డాక టార్చి లేకుండా ఎవర్నీ అటు పోనివ్వమని మాటిచ్చాం. ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఏటా వచ్చి ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి. రెట్ట వాసన భరిస్తూ కూడా ఆ ఊరివాళ్లు వాటి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వరు. నాన్న ఆ ఊరి మాట ఎత్తేసరికి అత్త మెత్తబడింది. తేలుకుంచి ఆవిడ పుట్టింటి వైపే.

ముందుగా కప్పలు వచ్చాయి. మొగలాకు మొదలు దోనెలా లోతుగా ఉండి కాండాన్ని పట్టుకుని ఉంటుంది. వాన పడితే ఆ మూలల్లో నీళ్లు నిలుస్తాయి, ఎండ కాసినా తొందరగా ఇంకవు. ఒక ఉదయం కర్రతో ఆకు మెల్లగా పక్కకి తోసి చూస్తే ఆ గుక్కెడు నీళ్ల పక్కన గోధుమరంగు చెట్టుకప్ప, కాళ్లూ చేతులూ ఒంటికిందకి ముడుచుకుని కూర్చుని ఉంది. దాని గొంతు మాత్రం కొట్టుకుంటోంది. వేళ్ల చివర గుండ్రటి దిండ్లతో ఆకుకి అతుక్కుని ఉంది. ముళ్లవరస దాని వీపుకి వెంట్రుకవాసి దూరంలో ఉన్నా దానికేం పట్టలేదు. నీళ్ల కుండీ ఒకటి పొద కింద పెడితే, వానల్లో కుండీ అంచు పైన ఆకుకి తెల్లటి నురగ ముద్ద కట్టింది. చెట్టుకప్పల గుడ్లుండేది ఆ నురగలోనే. కొన్నాళ్లకి నురగ కరిగి తోకకప్పలు కింద కుండీలో పడ్డాయి. అమ్మ ఆ కుండీలో నీళ్లు మార్చనివ్వలేదు ఎవర్నీ.

తర్వాత జీనువాయి పిట్టలు. అవి ఎంత చిన్నవో, మోసుకొచ్చే గడ్డిపోచ అంత పొడుగు. ముక్కున పోచ పట్టుకుని ఎగురుతుంటే పిట్ట కంటే పోచే ముందు కనిపిస్తుంది. ముళ్ల మధ్యకి ఆ పోచని ఎక్కడా తగలకుండా పట్టుకుపోతాయి. గుండ్రటి బంతిలాంటి గూడు, పక్కకి చిన్న దారి. కాకి వచ్చి చుట్టూ తిరిగింది, అటూ ఇటూ ఆకుల మీద వాలబోయి కాలు గుచ్చుకుని లేచిపోయింది. ఆ ముల్లే లేకపోతే ఆ గూటిలో పిల్లలు బతికేవి కావు.

మగచెట్టు తొలిసారి పూసినప్పుడు తెల్లారగానే తేనెటీగలు పుప్పొడికి ముసురుకున్నాయి. పూలు కొనేవాళ్లకి ఎలా తెలుస్తుందో గానీ, వాసన వాళ్లనీ తీసుకొచ్చింది. నాన్న కింది కొమ్మల పూలు ఇచ్చి, పైవి ఉంచేశారు. అమ్మ ఒక రేకు తీసుకుని ట్రంకుపెట్టె తెరిచింది.

ఆడచెట్టు కాయ పండిన రాత్రులు గబ్బిలాలు వస్తాయి. పొద్దున్న చూస్తే సగం కొరికిన నారింజ ముక్కలు కింద పడి ఉంటాయి, పీతలు వాటిని బొరియల దాకా ఈడ్చుకుపోతాయి. జెముడుకాకి కూడా ఇప్పుడు మా పొదదే, దాని కూత విని మా తమ్ముడి కూతురు పడుకునే గదిలోంచి బదులిస్తుంది. నీటికోడి ఇంకా రాలేదు. గెడ్డ మా హద్దుకి కొంచెం దూరం, మధ్యలో గట్టు బోడిగా ఉంది. నీటికోడి పిల్లలతో ఆరుబయట అంత దూరం నడవదు.

ఆ గట్టు మా ఒక్కళ్లది కాదు. అటూ ఇటూ పొలాలున్నవాళ్లతో నాన్న మాట్లాడుతున్నారు. ముగ్గురు సరేనన్నారు, ఒకాయన కూతురి పెళ్లయ్యాక చెబుతానన్నాడు. మా చెట్ల నుంచి కొమ్మలు కోసి కానుగ నీడలో ఆరబెట్టి ఉంచాం. పక్కింటి అత్త కూడా తన పెరటి వెనక కోసం రెండు అడిగింది, ఆడది ఒకటి మగది ఒకటి. తొలకరి పడగానే ముందు గెడ్డ దగ్గర్నించి మొదలుపెట్టి ఇంటివైపు నాటుకుంటూ వద్దామని నాన్న అంటున్నారు. గోనెపట్టాలు, కత్తి, కట్టడానికి కొబ్బరితాడు అన్నీ పాకలో సిద్ధంగా ఉన్నాయి.